మూడేళ్లు వాడిన పది రెట్ల మడత లెన్సు: ప్రింటింగ్ నేర్చుకునేవాళ్ల కోసం

ఈ లెన్సు కొని వచ్చే నెలకి మూడేళ్లు. గ్రాఫిక్ డిజైన్ కోర్సు మొదటి ఏడాదిలో ఉండగా చెన్నై వెళ్లినప్పుడు, ప్యారీస్ దగ్గర ఆండర్సన్ వీధిలో శుభలేఖల దుకాణాల మధ్య ప్రింటింగ్ సామాను అమ్మే చిన్న కొట్లో తీసుకున్నాను. 350 రూపాయలు. ఇనుప చట్రం, మూడు మడతలు. మడిస్తే అగ్గిపెట్టె కన్నా చిన్నది, విప్పితే కాగితం మీద దానంతట అదే నిలబడుతుంది. కింద చదరంగా ఖాళీ, దాని అంచున మిల్లీమీటర్ల గీతలు. కొట్లో ఆయన దీన్ని లినెన్ టెస్టర్ అన్నాడు. అసలు ఇది పుట్టింది ప్రింటింగ్ కోసం కాదు, బట్టలో దారాలు లెక్కపెట్టడానికి. వెంకటగిరిలో నేత నేసే మా చుట్టం ఒకాయనకి చూపిస్తే చీర అంచు మీద పెట్టి చూసి, "మాకు వేళ్లతోనే తెలుస్తది, అయినా బాగుందమ్మాయ్" అన్నారు.

మా కాలేజీలో చెప్పేదంతా స్క్రీన్ మీదే. లోగో, పోస్టర్, ప్యాకేజింగ్, ఏదైనా ప్రొజెక్టర్ మీద చూపించి మార్కులు వేస్తారు. కాగితం మీద అది ఎలా వస్తుందో అడిగేవాళ్లు లేరు. అందుకని మొదటి ఏడాది వేసవి సెలవులకి నెల్లూరు వచ్చినప్పుడు, ట్రంక్ రోడ్డు పక్క సందులో ఉన్న ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో (ప్లేటు మీది బొమ్మని రబ్బరు రోలరు మీదుగా కాగితానికి ఎక్కించే అచ్చు) కూర్చోనిస్తారా అని అడిగాను. జీతం అక్కర్లేదు, నేర్చుకుంటానంటే ఒప్పుకున్నారు. అక్కడ రెండు రంగుల మెషిన్ ఒకటి, మినీ ఆఫ్‌సెట్ ఒకటి, కటింగ్ మెషిన్ ఒకటి ఉండేవి. ఆ తర్వాత ప్రతి సెలవుల్లోనూ వెళ్లాను. మెషిన్ నడిపే ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన జేబులో నాలాంటి లెన్సే ఉండేది, చట్రం రంగంతా పోయి ఇత్తడిలా మెరుస్తూ. ప్రతి కొన్ని వందల షీట్లకీ ఒక షీటు లాగి, బల్ల మీద పరిచి, ఆ లెన్సు పెట్టి వంగి చూసేవారు. ఏం చూస్తున్నారో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు.

అర్థమైంది మా అత్త కూతురి శుభలేఖతో. డిజైన్ నేనే చేశాను, చాలా ఇష్టంగా. మొత్తం ఫోటోషాప్‌లోనే, అక్షరాలతో సహా, స్క్రీన్ రంగులైన ఆర్‌జీబీలో చేసి, చివర్లో అచ్చు రంగులైన సీఎంవైకేలోకి (సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబీ, పసుపు, నలుపు) మార్చి ఇచ్చేశాను. స్క్రీన్ మీద నలుపు నలుపుగానే ఉంది. మెషిన్ మీద నుంచి వచ్చిన షీటులో ముహూర్తం వివరాలు, 8 పాయింట్ల అక్షరాలు, కాస్త మసకగా అనిపించాయి. కళ్లు నలిపి చూసుకున్నాను. బాబాయ్ షీటు నా ముందుకి జరిపి, "లెన్సు పెట్టి చూడు పాపా. అక్షరం చుట్టూ ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క నీలంగా కనపడతా ఉందా? రంగుకొక ప్లేటు, నువ్విచ్చిన నలుపు నాలుగు ప్లేట్లలోనూ ఉండాది. నాలుగూ వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటేనే నలుపు. లేకపోతే ఇట్టా ఉంటది" అన్నారు. లెన్సు పెట్టి చూస్తే నిజంగానే సున్నా చుట్టూ ఎర్ర నీడ, వత్తుల మధ్య ఖాళీలు నీలంతో పూడిపోయి ఉన్నాయి. ఫైలు తెరిచి చూస్తే ఆ నలుపు సయాన్ 75 శాతం, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90. నేను ఏరి పెట్టిన అంకెలు కావు, మార్చినప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసినవి. ఆ పూట ఇంటికెళ్లి అక్షరాలన్నీ మళ్లీ కోరల్‌డ్రాలో వేసి, ఒక్క బ్లాక్ 100లో పెట్టి, కింద రంగులో ఖాళీ వదలకుండా దాని మీదే పడేట్టు (ఓవర్‌ప్రింట్) చేసి ఇచ్చాను. నాలుగు ప్లేట్లూ మళ్లీ తీయించాల్సి వచ్చింది, ఆ డబ్బు నేనే ఇచ్చాను. రెండోసారి వచ్చిన షీటు మీద లెన్సు పెట్టి అదే సున్నా చూశాను, అంచు గీసినట్టు శుభ్రంగా ఉంది. ఆ రెండు షీట్లూ ఇప్పటికీ దాచుకున్నాను. జూనియర్లకి చెప్పాల్సి వస్తే లెన్సుతో పాటు ఆ రెండూ ఇచ్చి ఊరుకుంటాను.

చుక్కలు లెక్కపెట్టడం ఈ లెన్సుతో నేను ఎక్కువగా చేసిన పని. అచ్చులో ఫోటో అంటే వరసల్లో కూర్చున్న చిన్న చుక్కలే, ఆ వరసల అమరికనే స్క్రీన్ అంటారు, కంప్యూటర్ స్క్రీన్ కాదు. నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపర్ మీద ఫోటోని అంగుళానికి 150 లైన్ల స్క్రీన్‌తో వేస్తే మిల్లీమీటరు గీత పక్కన దాదాపు 6 చుక్కలు పడతాయి. 100 లైన్ల న్యూస్‌ప్రింట్ పేజీలో అయితే 4. ఫోటో 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) ఉండాలని క్లాసులో చెబితే రాసుకున్నానే గానీ ఎందుకో తెలియదు. స్క్రీన్ లైన్లకి రెట్టింపు ఉండాలన్న లెక్క అది, 150కి 300. లెన్సులో ఆ చుక్కల్ని కళ్లారా చూశాక ఇక బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు. ఇంకా దగ్గరగా చూస్తే చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా గుండ్రంగా కూర్చుని ఉంటాయి, ఎందుకంటే నాలుగు రంగుల స్క్రీన్లూ వేరువేరు కోణాల్లో ఉంటాయి. మామూలుగా నలుపు 45 డిగ్రీలు, మెజెంటా 75, సయాన్ 15, పసుపు 0. కోణాలు సరిగ్గా ఉంటే పువ్వు, తప్పితే బట్ట మీద గళ్లలాంటి మచ్చలు.

ఆ గళ్లు కూడా స్వయంగా తెచ్చుకున్నాను. మా ఊరి గుడి ఉత్సవాల పుస్తకానికి పాత ఫోటో దొరక్కపోతే, పదేళ్ల కిందటి కరపత్రంలో అచ్చయిన బొమ్మనే స్కాన్ చేసి పెట్టాను. స్క్రీన్ మీద బాగానే ఉంది. అచ్చులో స్వామివారి ముఖం నిండా వలలాగా గళ్లు. పాత చుక్కల మీద కొత్త చుక్కలు పడ్డాయి మరి. అచ్చయిన బొమ్మని స్కాన్ చేయాల్సి వస్తే స్కానర్‌లో పాత చుక్కల్ని చెరిపే డీస్క్రీన్ పెట్టాలి, వీలైతే అసలు ఫోటో ఎవరి ఇంట్లో ఉందో వెతికి తెచ్చుకోవాలి. రెండోదే మేలు. ఊళ్లో నాలుగిళ్లు తిరిగితే ఒకరి ఆల్బమ్‌లో దొరికింది, ముందే తిరిగి ఉంటే సరిపోయేది.

నెల్లూరులో ఉండేవాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సముద్రం దగ్గర, గాలిలో తేమ ఎక్కువ. రెండు రంగుల మెషిన్ మీద నాలుగు రంగుల పని చేస్తే షీటు రెండుసార్లు మెషిన్‌లోకి వెళ్లాలి. ఒకసారి నవంబరులో, సాయంత్రం రెండు రంగులు వేసి, కరెంటు పోతే మిగతా రెండూ మర్నాడు వేశారు. రాత్రంతా వాన. పొద్దున షీట్లకి, మెషిన్ పట్టుకునే గ్రిప్పర్ వైపు, రంగులు ఒకదాని మీద ఒకటి పడ్డాయో లేదో చూసే ప్లస్ మార్కులు కలుస్తున్నాయి, చివరి వైపు కలవడం లేదు, లెన్సు పెట్టి చూస్తే అర మిల్లీమీటరు తేడా. మెషిన్ తప్పు కాదు, ప్లేటు తప్పూ కాదు, కాగితం తేమ పీల్చుకుని సాగింది. డిజైన్‌లో సన్నటి తెల్ల అక్షరాలు నాలుగు రంగుల నేపథ్యం మీద పెట్టి ఉన్నాను, అవన్నీ సగం పూడిపోయాయి. అప్పటినుంచి ఇక్కడ అచ్చు వేయించే పనిలో చిన్న తెల్ల అక్షరాలు పెట్టాల్సి వస్తే మందంగా ఉండే ఫాంటు తీసుకుంటాను, కింద నేపథ్యం వీలైనంత వరకు ఒకటి రెండు రంగులతో తయారయ్యేట్టు చూస్తాను. వానాకాలం అయితే నాలుగు రంగులూ అదే రోజు పూర్తవుతాయా అని ముందే అడుగుతాను.

తెలుగు అక్షరం దగ్గర ఈ లెన్సు నాకు చేసిన మేలు ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు అక్షరాలకి పెట్టే లైన్ల ఎడం తెలుగుకి చాలదు. పై లైన్ వత్తు, కింది లైన్ గుడి ఒకదానికొకటి తగులుతాయి. స్క్రీన్ మీద పెద్దదిగా చేసుకుని చూస్తాం కాబట్టి ఆ తగులుడు కనపడదు, అచ్చులో 9 పాయింట్ల దగ్గర ఇంకు కాస్త ఉబ్బేసరికి రెండూ అతుక్కుపోతాయి. క్ష, ఘ, ణ లోపలి చిన్న ఖాళీలు కూడా అంతే. ఒకే పేజీని ఆర్ట్ పేపర్ మీదా, పూత లేని మ్యాప్‌లితో కాగితం మీదా వేసి పక్కపక్కన లెన్సు పెట్టి చూశాను. మ్యాప్‌లితో ఇంకుని పీల్చుకుంటుంది, చుక్కా ఉబ్బుతుంది, అక్షరమూ ఉబ్బుతుంది. అందుకే కాగితం ఏదో తెలియకుండా ఫాంటు ఖాయం చేయడం మానేశాను. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు వాడేవాళ్లు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టుకోకపోతే వత్తులు విడిపోతాయి, అది లెన్సు లేకుండానే కనపడుతుంది కానీ ప్లేటు అయ్యాక కనపడితే ఏం లాభం. ప్రెస్సులకి ఇచ్చే ఫైలులో అక్షరాల్ని కర్వ్స్‌లోకి, అంటే ఫాంటు అక్కర్లేని, మళ్లీ టైపు చేసి దిద్దలేని గీతల బొమ్మలుగా, మార్చి ఇవ్వాలి, మార్చని ఫైలు ఒకటి విడిగా దాచుకోవాలి. ఎందుకంటే తప్పు కనపడేది ఎప్పుడూ కర్వ్స్ చేసిన తర్వాతే.

బయట కూడా వాడుతూనే ఉంటాను. పాల ప్యాకెట్, బియ్యం సంచి, మందుల పెట్టె, ఏది చేతికొస్తే దాని మీద పెడతాను. అక్షరం అంచు రంపపు పళ్లలా ఉంటే గ్రావ్యూర్, సన్నటి గుంటలు చెక్కిన రోలరుతో వేసే అచ్చు. అంచు చుట్టూ ఇంకు నొక్కుకుపోయి గీత కట్టి, లోపల కాస్త పలచబడితే ఫ్లెక్సో, రబ్బరులాంటి మెత్తటి ప్లేటుతో వేసేది. అక్షరం చుట్టూ పొడి చల్లినట్టు నల్ల రేణువులుంటే లేజర్ ప్రింట్. మా నానమ్మ పెట్టెలో దొరికిన పాత శుభలేఖ వెనక్కి తిప్పితే అక్షరాలు వేలికి తగిలాయి, సీసపు అక్షరాలు కూర్చి నొక్కి వేసిన అచ్చు అది. క్లాసులో ఇవన్నీ ఒక స్లయిడ్‌లో అయిపోయాయి.

లెన్సు నేర్పనివి కూడా చాలా ఉన్నాయి, అవి చేత్తోనే రావాలి. కాగితం నార ఏ వైపు ఉందో మడిచి చూడాలి, నారకి అడ్డంగా మడిస్తే మందపాటి కార్డు పగులుతుంది. రీము బరువు లెక్క బాబాయ్ నోటితోనే చెప్పేవారు: పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో గుణించి, జీఎస్ఎంతో (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) గుణించి, 20000తో భాగిస్తే 500 షీట్ల కిలోలు. 23, 36 అంగుళాల డబుల్ డెమీ సైజు కాగితం, 80 జీఎస్ఎం అయితే దాదాపు 21.4 కిలోలు. కొటేషన్ అర్థం కావాలంటే ఈ లెక్క రావాలి. గుడి పుస్తకం 48 పేజీలు, మధ్యలో పిన్ను కొట్టారు, లోపలి పేజీలు బయటికి పొడుచుకొచ్చి, అంచు కోసేసరికి నేను అంచుకి దగ్గరగా పెట్టిన పేజీ నంబర్లు ఇంకా అంచుకి వెళ్లిపోయాయి. దానికి తెల్ల కాగితాలు మడిచి ముందే డమ్మీ చేసుకోవడం తప్ప దారి లేదు. రంగు విషయంలో కూడా ఈ లెన్సుని నమ్మకండి. చుక్క సరిగ్గా ఉందా అన్నది చెబుతుంది, రంగు సరిగ్గా ఉందా అన్నది చెప్పదు. రంగు చూడాలంటే షీటు పట్టుకుని గుమ్మం దగ్గరికి, పగటి వెలుతురులోకి వెళ్లాలి.

ఇక వస్తువు సంగతి. మడత దగ్గర మేకులు ఏడాదిన్నరకే వదులయ్యాయి, నిలబెడితే ఒక పక్కకి ఒరిగేది. పది రెట్ల లెన్సుకి కాగితం నుంచి రెండున్నర సెంటీమీటర్ల దూరం ఉండాలి, ఒరిగితే సగం బొమ్మ మసకే. గడియారాలు బాగుచేసే ఆయన చిన్న మేకు మార్చి బిగించి ఇచ్చారు, ఆ తర్వాత ఇబ్బంది లేదు. ఇనుప చట్రం కాబట్టి వానాకాలంలో మూలల్లో తుప్పు వచ్చింది, కొనేవాళ్లు ఇత్తడిదో అల్యూమినియందో దొరికితే అది తీసుకోండి. అద్దానికి ఒక చిన్న గీత పడింది, తప్పు నాదే, తాళాలతో కలిపి బ్యాగులో వేశాను. మధ్యలో ఒకసారి లైటు ఉన్న లెన్సు కూడా కొని చూశాను. ప్లాస్టిక్ అద్దం, అంచుల్లో చుక్కలు సాగి రంగులు విడిపోయి కనిపించాయి, లైటు నీలంగా ఉండి పసుపు చుక్కలు సరిగ్గా తెలియలేదు. నెలకే పక్కన పెట్టాను.

కొట్లో కొనే ముందు పరీక్షించాలంటే పర్సులో ఊదారంగు 100 రూపాయల నోటు చాలు. దాని ముందు వైపు సూక్ష్మాక్షరాలు ఉంటాయి, ఆర్‌బీఐ, భారత్, ఇండియా, 100 అని. అవి మధ్యలోనే కాక అంచు దాకా చదవగలిగితే ఆ లెన్సు తీసుకోవచ్చు. పది రెట్లకి మించి కొనకండి, ఎక్కువ పెద్దదైతే కనపడే చోటు తగ్గిపోయి ఏ అక్షరం మీద ఉన్నామో వెతుక్కోవాల్సి వస్తుంది. వేలల్లో ఉండే రంగుల షేడ్ పుస్తకం, పెద్ద మానిటర్ తర్వాత సంగతి. ముందు ఇది కొని, దగ్గర్లో ఉన్న ప్రెస్సుకి వెళ్లి, పక్కన పడేసిన వేస్టు షీట్లు పది అడిగి తెచ్చుకోండి. నేను అడిగితే కాదన్న ప్రెస్సు ఇంతవరకు ఒక్కటీ లేదు.