చిత్తూరులో వరల్డ్‌వ్యూ క్లాసులు: నా రివ్యూ

చిత్తూరులో ఒక చర్చి హాల్లో శనివారం సాయంత్రాలు జరిగిన వరల్డ్‌వ్యూ క్లాసులు మొత్తం అటెండ్ అయినాను. దేవుడు లేడనేవాళ్ళు, ఉన్నా లేకపోయినా మాకు పని లేదనేవాళ్ళు లోకాన్ని ఎట్లా చూస్తారు, వాళ్ళతో మనం ఎట్లా మాట్లాడాలి అనేదే సబ్జెక్ట్. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను.

చాలా మీటింగుల్లో నాస్తికుల్ని నాలుగు మాటలని చప్పట్లు కొట్టించుకుని పంపించేస్తారు, ఇక్కడ అట్లా కాదు. మొదటిరోజే క్లాసు చెప్పే బ్రదర్ గారు ఒక రూల్ పెట్టినారు, అవతలి మనిషి విని "అవును, నేననేది ఇదే" అని ఒప్పుకునేలా ఆయన వాదన మనం చెప్పగలగాలి, ఆ తర్వాతే జవాబు. ప్రతి క్లాసులో ఒకరిని లేపి హ్యూమనిస్టులాగా, అంటే దేవుడితో పని లేకుండా మనిషే ముఖ్యం అనేవాళ్ళలాగా మాట్లాడమంటారు, మిగతావాళ్ళం ప్రశ్నలు వేయాలి. మనిషి ఎక్కడినుంచి వచ్చినాడు, లోకంలో ఏం చెడిపోయింది, దాన్ని బాగుచేసేది ఎవరు, చివరికి ఎక్కడికి పోతాం, ఈ నాలుగే అడగాలి. ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ చెప్పిన అస్తిత్వవాదం నాకు ఎప్పుడూ తలకెక్కలేదు, మనిషికి ముందే రాసిపెట్టిన అర్థం ఏమీ లేదు, తన ఎంపికలతో తనే తయారుచేసుకుంటాడు అని ఈ నాలుగు ప్రశ్నల్లో పెట్టి చెప్తే అప్పుడు అర్థమైంది, బెంగళూరులో జాబ్ చేసే మన పిల్లలు "నా లైఫ్ నా ఇష్టం" అనేదాని వెనక ఎంత ఆలోచన ఉందో కూడా.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం మీద చేసిన క్లాసు అన్నిటికంటే బాగుంది. ఏథెన్సులో అపొస్తలుడు పౌలు ఆ కాలపు గ్రీకు తత్వవేత్తలు ఎపికూరీయులతో, స్తోయికులతో వాదించినాడు కదా, ముందు ఊరంతా తిరిగి చూసి, "తెలియబడని దేవునికి" అని ఉన్న బలిపీఠం దగ్గర మొదలుపెట్టి, వాళ్ళ కవుల మాటే "మనమాయన సంతానము" అని ఎత్తి చూపించినాడు. అంటే పౌలు వాళ్ళ పుస్తకాలు చదివినాడు! మనం మాత్రం మన పిల్లలు చదివేది చూసి భయపడతాం. అంత చెప్పినా విన్నవాళ్ళలో కొందరు ఎగతాళి చేసినారు, కొందరు ఇంకోసారి వింటామన్నారు, కొందరే నమ్మినారు, ఇది కూడా దాచకుండా చెప్పినారు.

ఇప్పుడు ఆ తగ్గించిన స్టారు సంగతి. మెటీరియల్ అంతా యూరప్, అమెరికాదే, స్లైడ్లు ఇంగ్లీషులో, పలమనేరు నుంచి, గంగాధరనెల్లూరు నుంచి వచ్చిన పిల్లలు పక్కనోళ్ళని అడిగి రాసుకున్నారు. మన తెలుగు నాస్తికుల పేరే లేదు. ఒక రిటైర్డ్ టీచరు గారు లేచి నాస్తిక నాయకుడు గోరా (గోపరాజు రామచంద్రరావు) గురించి అడిగినారు. గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినారు, సహపంక్తి భోజనాలు నడిపినారు, పెద్ద కూతురు మనోరమ గారి పెళ్ళి దళిత యువకుడితో 1948లో గాంధీ గారి సేవాగ్రామ్ ఆశ్రమంలో చేసినారు. "మనుషులంతా దేవుని స్వరూపమని ఆదికాండం చదివే మనం సంబంధాల దగ్గరకొచ్చేసరికి కులం ఎందుకు అడుగుతున్నాం, దేవుడు లేడన్న ఆయన ఎందుకు అడగలేదు?" అన్నారు ఆ టీచరు గారు. హాలంతా సైలెంట్. బ్రదర్ గారు తప్పించుకోలేదు, అది మన పాపం, ఒప్పుకోకుండా వాళ్ళకి సువార్త చెప్పే అర్హత లేదు అన్నారు, మనుషులంతా సమానమనే నమ్మకానికి దేవుడు లేకుండా ఆధారం ఏంటి అని మాత్రం మనం అడగొచ్చు అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైందే అని నేనూ నమ్ముతాను, కానీ ముందు మన ఇంట్లో సమాధానం ఉండాలి. ఆ చర్చకి ఇంకో గంట ఇచ్చి ఉండాల్సింది, టైమ్ అయిందని ప్రార్థన చేసి ముగించేసినారు.

ఫీజు లేదు, నోట్స్ జిరాక్స్ ఖర్చు మాత్రం తీసుకుంటారు, టీ ఇస్తారు. వెనక వరుసల్లో ఫ్యాన్ల శబ్దానికి మాట సరిగా వినపడదు, ముందు కూర్చోండి. డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలున్న తల్లిదండ్రులు తప్పకుండా పోవాలి, పిల్లల్ని పంపించి మీరు ఇంట్లో ఉండిపోవద్దు. నిర్వాహకులకి నా రిక్వెస్ట్ ఒకటే, వచ్చే బ్యాచ్‌కి స్లైడ్లు తెలుగులో పెట్టండి, గోరా గారి మీద, హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి గారి మీద చెరొక క్లాసు పెట్టండి, వీలైతే ఒక హేతువాదినే పిలిచి ఆయన మాట ఆయన నోటితోనే చెప్పించండి.