ఫ్లాప్ మీద మూడో వంతా, మూడింట రెండొంతులా?

శనివారం రాత్రి భీమవరంలో మా డాబా మీద పోకర్‌కి పేక పరిస్తే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు: "బావా, ఫ్లాప్ పడ్డాక ఎంత వెయ్యాలి?" ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలుంటాయి; అందరికీ కలిపి ముందుగా తెరిచే మూడు ముక్కలు ఫ్లాప్, ఆ తర్వాత పడే ఒక్కొక్క ముక్క టర్న్, రివర్. మేం ఆడేది చింతపిక్కలతోనే. డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడటాన్ని మన రాష్ట్రం 2020లోనే ఆపింది, కేంద్రం 2025లో దేశమంతా ఆపింది. పిక్కలైనా సరే, పోతే బాధగానే ఉంటుంది.

బటన్ (ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడే చోటు) మీద నుంచి మీరు రైజ్ చేశారు, అంటే పందెం పెంచారు. బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే తప్పనిసరి పెద్ద పందెం కట్టినవాడు) ఒక్కడే కాల్ చేశాడు, అంటే అంతే కట్టాడు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 60 పిక్కలు ఉన్నాయనుకోండి. ఇప్పుడు 20 వెయ్యాలా, 40 వెయ్యాలా?

డ్రాలు (ఇంకో ముక్క పడితే ఐదు వరస ముక్కల స్ట్రెయిట్ గానీ, ఒకే రకం ఐదు ముక్కల ఫ్లష్ గానీ అయ్యే అవకాశాలు) లేని బోర్డైతే చిన్నది, డ్రాలు ఉంటే పెద్దది అని మొదట్లో అందరూ నేర్చుకుంటారు. నేనూ రెండేళ్లు అలాగే ఆడాను. అందులో సగమే నిజం. ఆ సగాన్ని నమ్మి ఒకసారి తొమ్మిది, ఎనిమిది, ఏడు పడిన ఫ్లాప్ మీద, రెండు ఇస్పేట్లు కనిపిస్తున్నాయి కదా అని, చేతిలో ఆసుల జత పెట్టుకుని 40 వేశాను. అవతలివాడు 130కి పెంచాడు. రివర్ దాకా కాల్ చేసుకుంటూ పోయాను. వాడు తిప్పితే జాకీ, పది, అంటే ఫ్లాప్ మీదే స్ట్రెయిట్. గిన్నె ఖాళీ.

తప్పు డ్రాల లెక్కలో లేదు. ఆ మూడు ముక్కలు ఎవరికి ఎక్కువ కలిసొస్తాయో నేను చూడలేదు. పెద్ద జతలు నా దగ్గరే ఎక్కువ, నిజమే. కానీ తొమ్మిది-ఎనిమిది, ఎనిమిది-ఏడు లాంటి చేతులు, ఆరు-ఐదుతో స్ట్రెయిట్లు బిగ్ బ్లైండ్ దగ్గర నాకంటే ఎక్కువ వంతు ఉంటాయి. అలాంటి చోట ఆసుల జత ఉన్నా చాలాసార్లు చెక్ చెయ్యాల్సిందే, అంటే ఏమీ వెయ్యకుండా ఊరుకోవాల్సిందే. బోర్డు డ్రాలతో నిండిందా లేదా అన్నది రెండో ప్రశ్న. అన్నిటికంటే బలమైన చేతులు ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయన్నదే మొదటిది.

ఇప్పుడు రాజు, జాకీ, ఐదు పడ్డాయి, అందులో రెండు ఆఠీన్లు. ఇక్కడా డ్రాలు బోలెడు, అయినా కథ వేరు. రాజుల జతో జాకీల జతో ఉంటే అవతలివాడు ఫ్లాప్‌కి ముందే మళ్లీ రైజ్ చేసేవాడు, ఆసు-రాజు ఉన్నా అంతే. అంటే పైచెయ్యి మనదే, కాబట్టి 40 వెయ్యండి. ఫ్లష్ డ్రా ఉన్నవాడు పోతాడని కాదు, వాడు ఎలాగూ పోడు. 40కి కాల్ చెయ్యాలంటే, మొత్తం 140లో 40 వాడిది కాబట్టి, వాడికి దాదాపు 29 శాతం అవకాశం కావాలి. ఒక్క టర్న్‌తోనే ఫ్లష్ పడే అవకాశం 19 శాతమే, రివర్ దాకా చూస్తే 35. వాడు ఉండిపోతాడు కాబట్టే ఎక్కువ కట్టించాలి. చిన్న జత పట్టుకుని మొండికేసేవాడి దగ్గరా అంతే.

రాజు, ఏడు, రెండు, మూడూ మూడు రకాలు పడితే? నా ఓటు కళ్లు మూసుకుని 20కే. జత పడని రాణి-తొమ్మిది, జాకీ-ఎనిమిది 20కే పారిపోతాయి, వాటికి 40 ఎందుకు? బ్లఫ్ లెక్క చూసినా, 20 వేస్తే నాలుగింట ఒకసారి పారితే చాలు. 40 వేస్తే అయిదింట రెండుసార్లు పారాలి. అంత ఇచ్చుకున్నాక కూడా మిగిలేది చేతిలో రాజు ఉన్నవాడే.

మా జట్టులో రొయ్యల చెరువులున్న బావ ఒకడు ఈ చిన్న బెట్‌ని చెరువులో మేత చూసే చెక్ ట్రేతో పోలుస్తాడు: "కొంచెం మేత పెట్టి చూడాలి, తింటున్నాయో లేదో తెలుస్తుంది." వినడానికి బాగుంటుంది కానీ ఒప్పుకోను. తెలుసుకోవడానికి వేసే బెట్ ఇది కాదు. ఖరీదు తక్కువ, పని అదే అవుతుంది, అందుకు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జత పడిన బోర్డు, రాజు-రాజు-నాలుగు లాంటిది: 20, ఆలోచించక్కర్లేదు. ఇలాంటివి వందకి 17 వస్తాయి. మూడూ ఒకే రకం (మూడూ ఇస్పేట్లే లాంటిది) పడేది వందకి ఐదుసార్లే. అక్కడ చెక్, లేదా 20. పెద్దది వేస్తే కాల్ చేసేది ఫ్లష్ ఉన్నవాడో, ఆ రకం పెద్ద ముక్క ఉన్నవాడో. సగం పాట్ వేసేవాళ్లున్నారు, తప్పేం లేదు, నాకెందుకో నచ్చదు. ఫ్లాప్ మీదే పాట్ మొత్తం కొట్టడం మా దగ్గర సంక్రాంతి మూడు రోజులే చూస్తాం.

ఇదంతా ఇద్దరే మిగిలినప్పటి మాట. నలుగురు ఉంటే పైచెయ్యి ఒక్కరిదే కాక తలా కొంచెం అవుతుంది. ఉత్త చేత్తో 20 కూడా దండగే, ఎక్కువగా చెక్ చేసి, నిజంగా చెయ్యి పడ్డప్పుడే వెయ్యండి. మా డాబా మీద ఐదుగురికి తక్కువ ఫ్లాప్ చూడటం అరుదు. కాబట్టి నేను ఇంత లెక్క కట్టింది నెలకి నాలుగైదు చేతులకే పనికొస్తోంది.