బియ్యమా, కొర్రలా, జొన్నలా: ఏది మేలు?

"అన్నం మానేసి కొర్రలు తినమంటారా?" అని నన్ను అడగని వారం లేదు. అడిగేవాళ్లలో ఎక్కువమంది షుగరు ఉన్నవాళ్లే. కొర్రలతో షుగరు పూర్తిగా పోతుందని, అరికలతో రక్తం శుద్ధి అవుతుందని, క్యాన్సర్ కూడా నయమవుతుందని ఫోనుకు వచ్చే వీడియోలు చూసి అడుగుతారు. మా పిన్ని ఆ మాట నమ్మి రెండు నెలలు మాత్రలు మానేసింది. మూడు పూటలా కొర్రన్నమే. తీరా రక్తపరీక్ష చేయిస్తే షుగరు మునుపటికంటే పెరిగి ఉంది. ఏ ధాన్యమూ మందు కాదు. మాత్ర ఆపాలా వద్దా అన్నది వైద్యులు తేల్చాల్సిన విషయం.

చిరుధాన్యాల్లో కేలరీలు బాగా తక్కువన్నది కూడా అపోహే. నూరు గ్రాముల తెల్లబియ్యంలో సుమారు 356 కేలరీలుంటే జొన్నల్లో 334, సజ్జల్లో 348. పెద్ద తేడా ఏమీ లేదు. తేడా అంతా పీచులో ఉంది: బియ్యంలో సుమారు 3 గ్రాములు, జొన్నల్లో 10, రాగుల్లో 11. ఆ పీచులో ఎక్కువ భాగం ఉండేది గింజ పైపొరలో, అంటే తవుడులో. అందుకే ధాన్యం పేరుకంటే, దాని తవుడు మన కంచం దాకా వస్తోందా లేదా అన్నదే నేను మొదట చూస్తాను.

పిన్ని డబ్బాలోని కొర్రలు తెల్లగా మెరిసిపోతున్నాయి. పాలిష్ పట్టని కొర్రలు తెచ్చి పక్కన పోశాను. అవి లేత పసుపు రంగులో, కాస్త మసకగా ఉన్నాయి. గుప్పెడు తీసుకుని నలిపితే అరచేతికి సన్నని పొడి అంటింది. తెల్లవి ఇట్టే ఉడికిపోయాయి. పసుపువి కొన్ని గంటలు నానితే తప్ప మెత్తబడలేదు. కొర్రలు, సామలు, అరికలు, ఊదలకు తినడానికి పనికిరాని పొట్టు ఉంటుంది, దాన్ని తీయక తప్పదు. కానీ గింజ తెల్లగా కనిపించాలనీ, ఎక్కువ కాలం నిలవ ఉండాలనీ ఆ కింది తవుడు కూడా చెక్కేస్తున్నారు. అలా చెక్కిన కొర్రలకు బియ్యంకంటే ఎక్కువ ధర పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

జొన్న, సజ్జ, రాగికి ఆ బెడద లేదు. వాటికి తీయాల్సిన పొట్టు ఉండదు కాబట్టి గింజను శుభ్రం చేసి మరకు ఇస్తే తవుడుతో సహా పిండి అవుతుంది. నా మొగ్గు జొన్న వైపు ఉండటానికి మొదటి కారణం ఇదే. రెండోది నేల. నల్లరేగడిలో రబీ జొన్న వానలు వెళ్లాక మిగిలిన తేమతోనే పండుతుంది. వరికి మడి నిండా నీళ్లు కావాలి, ఆ నిలవ నీటి నుంచి మీథేన్ కూడా వెలువడుతుంది. వేసవిలో బోరు నీళ్లతో వరి పండించే ఊళ్లను చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

రాగి సంగతి కాస్త వేరు. నూరు గ్రాముల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. పిల్లలకు, పాలిచ్చే తల్లులకు తప్పక పెట్టండి, మొలకెత్తించి పిండి పట్టిస్తే ఇంకా మంచిది. షుగరు ఉన్నవాళ్లు మాత్రం పల్చటి రాగి జావను తేలికగా తీసుకోకండి. మెత్తని పిండిని అంతగా ఉడికిస్తే త్వరగా అరిగిపోయి రక్తంలో చక్కెర వేగంగా పెరుగుతుంది.

సజ్జ పిండి త్వరగా చేదెక్కుతుంది, కొద్దికొద్దిగా పట్టించుకోవాలి. ఓట్స్ తినవచ్చు, కానీ జొన్నలు దొరికే చోట వాటి అవసరం నాకు కనిపించదు. అన్నం వదల్లేనివాళ్లకు దంపుడు బియ్యం ఉంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ధాన్యాలనూ చిరుధాన్యాలనూ ఒకే గాటన కట్టి, రోజూ తినే కేలరీల్లో వాటి వాటా 45 శాతం దాటకూడదని చెప్పారు. అంటే కొర్రన్నమైనా కంచం నిండా పెట్టుకుంటే లెక్క తప్పినట్టే. పప్పు, కూరలకు చోటు మిగలాలి.

పిన్ని మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, గట్టి పప్పు, రెండు కూరలు. రాత్రికి వేడినీళ్లతో పిండి కలిపి, తట్టి కాల్చిన రెండు జొన్నరొట్టెలు. తెల్ల కొర్రల డబ్బా ఖాళీ అయ్యాక మళ్లీ నింపలేదు.