లైట్‌రూమ్ క్లాసిక్: ఆర్ట్ ఫొటోలకి సూపర్, న్యూస్ ఫొటోలకి మాత్రం చెయ్యి అదుపులో ఉండాలి

నేను రెండు రకాల ఫొటోలూ తీస్తా, కొన్ని వార్తలకి, కొన్ని నా సరదాకి. రెండూ ఎడిట్ చేసేది అడోబీ వాళ్ళ ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లోనే. స్పీడు, కేటలాగు, ప్రీసెట్లు గురించి ఇక్కడ పెద్దగా చెప్పను, అవి బాగానే ఉంటాయి, వాటి మీద వీడియోలు బోలెడున్నాయి. నాకు చెప్పాలనిపించింది ఒకటే, ఏది దిద్దుబాటో ఏది కల్పనో ఈ సాఫ్ట్‌వేర్‌కి పట్టదు, టూల్సన్నీ పక్కపక్కనే పెట్టేసి నీ ఇష్టం అని ఊరుకుంటుంది.

రిమూవ్ టూల్ సంగతే చూడండి. కెమెరాలో ఫొటోని పట్టే సెన్సార్ మీద దుమ్ము పడితే ఆకాశంలో బూడిద రంగు మచ్చలొస్తాయి కదా, ఈ టూల్ తీసుకుని విజువలైజ్ స్పాట్స్ మీద టిక్ పెడితే ఫొటో మొత్తం నలుపు తెలుపుల్లోకి మారిపోయి ఒక్కో మచ్చా తెల్లటి గుండ్రంలా బయటపడుతుంది, దాని మీద క్లిక్ చేస్తే మాయం. ఈ ఒక్క ఫీచర్‌కే నేను ఫిదా. సెన్సార్ దుమ్ము తీసేయడం అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ రూల్స్ ప్రకారం కూడా ఓకే. కానీ అదే టూల్‌తో, అదే క్లిక్‌తో, వెనకున్న కరెంటు వైరూ పోతుంది, మూలన సగం కనబడే మనిషీ పోతాడు. దుమ్ము నా కెమెరాలో ఉంది, వైరు అక్కడ నిజంగా ఉంది, తేడా అంతే. డౌటొస్తే ముందూ వెనకా ఫ్రేములు తిరగేస్తా, దుమ్మయితే అన్నిట్లోనూ అదే చోట కనబడుతుంది.

ఇంత చిన్నదానికి ఎవరు పట్టించుకుంటారులే అనుకుంటే మాత్రం కష్టం. నార్సిసో కాంట్రెరాస్ అనే ఫొటోగ్రాఫర్ 2013లో పులిట్జర్ బహుమతి గెలిచిన అసోసియేటెడ్ ప్రెస్ టీమ్‌లో మనిషి, సిరియాలో తీసిన ఒక ఫొటోలో మూలన పడ్డ తోటి జర్నలిస్టు వీడియో కెమెరాని చెరిపేశాడని తేలగానే 2014 జనవరిలో ఆ సంస్థ ఆయనతో తెగతెంపులు చేసుకుంది. ఆ కెమెరా వల్ల వార్తకి వచ్చిన నష్టమేమీ లేదు, అసలు దాన్ని ఎవరూ చూసి కూడా ఉండరు, అయినా సరే. నాకిది అన్యాయం అనిపించదు, ఒక్కటి చెరిపారని తెలిశాక మిగతా ఫొటోలని ఎలా నమ్ముతాం?

పైగా 2024లో జెనరేటివ్ రిమూవ్ అని ఒకటి పెట్టారు, తీసేసిన చోట అక్కడ లేనిదాన్ని కొత్తగా పుట్టించి నింపేస్తుంది. సరదా ఫొటోలకి అద్భుతం. న్యూస్ ఫొటో తెరిచినప్పుడు నేను దాని జోలికే పోను. ఫ్లాష్ పడి ఎర్రబడ్డ కళ్ళని సరిచేసే రెడ్ ఐ టూల్ అయితే పాపం చూడ్డానికి చాలా అమాయకంగా ఉంటుంది, అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు దాన్ని కూడా ఒప్పుకోరు, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చేయడం సరేసరి.

అసలు తలనొప్పి స్లైడర్లతో. మసక తగ్గించే డీహేజ్ స్లైడర్‌ని కాస్త కుడివైపు జరిపితే పొగ నల్లబడి అంచులు తేలిపోతాయి, చిన్న మంట కూడా పెద్ద ప్రమాదంలా కనబడుతుంది, అలాగని ఫొటోలో ఏదీ కలపలేదు, ఏదీ తీయలేదు. 2006లో లెబనాన్ ఫొటోలో పొగని క్లోన్ చేసి, అంటే ఉన్న పొగనే కాపీ కొట్టి అతికించి, పెంచినందుకు రాయిటర్స్ వార్తా సంస్థ ఫొటోగ్రాఫర్ అద్నాన్ హజ్ ఫొటోలు 920 వెనక్కి తీసేసుకుంది, అది దొరికిపోయే పని కాబట్టి దొరికాడు, స్లైడర్‌తో చేస్తే ఎక్కడ ఆగాలో ఎవరు చెప్తారు? 1994లో హత్య కేసులో అరెస్టయిన అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ ఓజే సింప్సన్ పోలీసు ఫొటోని టైమ్ పత్రిక కవర్ మీద బాగా నల్లబరిచి వేశారు, అదే వారం న్యూస్‌వీక్ పత్రిక మామూలుగా వేసింది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే టోనింగ్, అంటే వెలుగునీడల్ని మార్చడం, ఎంత పని చేస్తుందో అర్థమైపోతుంది.

దీనికి నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, ఒకే ఫైల్‌కి వర్చువల్ కాపీ (ఫైల్ రెండోది పుట్టకుండా ఎడిటింగ్ మాత్రం వేరుగా ఉండే కాపీ) చేసి ఒకటి వార్తకి, ఒకటి నాకు. వార్త కాపీలో క్రాప్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (రంగుల తేడా సరిచేయడం), దుమ్ము, అంతకుమించి ముట్టను, మధ్యమధ్యలో బ్యాక్‌స్లాష్ కీ కొట్టి ఒరిజినల్ చూసుకుంటా, నేను అక్కడ నిలబడి చూసినప్పుడు ఇలాగే ఉందా అని. నా కాపీలో మాత్రం ఆకాశాన్ని మాత్రమే మాస్క్‌తో ఎంచుకుని ఊదా రంగు పులుముతా, వెనకభాగం మసకబరిచే లెన్స్ బ్లర్ పెడతా, అడిగేవాడు లేడు. ఎన్ని చేసినా రా ఫైల్, అంటే కెమెరా తీసింది తీసినట్టు దాచిన ఫైల్, చెక్కుచెదరదు, చేసిన ప్రతి పనీ హిస్టరీలో వరసగా ఉంటుంది, ఎవరైనా అడిగితే తెరిచి చూపించొచ్చు, న్యూస్ వాళ్ళకి ఇది పెద్ద ప్లస్. న్యూస్ మోడ్ అని ఒక బటన్ పెట్టి వాడకూడని టూల్స్‌ని లాక్ చేసే సౌకర్యం ఇస్తే ఇంకో స్టార్ ఇచ్చేవాణ్ణి.

ఆర్ట్‌కి 5కి 4.5, న్యూస్‌కి 3. ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కునే వెర్షన్ 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6తోనే ఆగిపోయింది, ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ కడుతూ ఉండాల్సిందే, కాబట్టి వార్తల ఫొటోలు మాత్రమే తీసేవాళ్ళు కొనేముందు ఆలోచించుకోండి. రాయిటర్స్ అయితే 2015లోనే ఫ్రీలాన్సర్లకి రా ఫైల్ నుంచి ప్రాసెస్ చేసినవి వద్దు, కెమెరాలోంచి నేరుగా వచ్చిన జేపెగ్‌లే పంపండి అని చెప్పేసింది. ఆ మాత్రం క్రాప్‌కీ ఎక్స్‌పోజర్‌కీ కెమెరా కంపెనీ వాళ్ళు ఇచ్చే ఫ్రీ సాఫ్ట్‌వేరే ఎక్కువ.