క్రాఫ్ట్‌వెర్క్ మేలా, టాంజరీన్ డ్రీమ్ మేలా?

1974లో జర్మన్ సంగీతకారుల నుంచి రెండు రికార్డులు వచ్చాయి. ఫిబ్రవరిలో పశ్చిమ బెర్లిన్ బృందం టాంజరీన్ డ్రీమ్ ‘ఫీడ్రా’ను, నవంబరులో డ్యూసెల్‌డార్ఫ్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ ‘ఆటోబాన్’ను విడుదల చేశాయి. రెండింటిలోనూ మొదటి పక్క మొత్తం ఒకే రచన. రెండింటిలోనూ విద్యుత్తుతో స్వరాలు పుట్టించే మూగ్ సింథసైజర్ మోగుతుంది. ఇంత దగ్గర పోలిక ఉన్నా, యంత్రంతో ఎలా మెలగాలన్న విషయంలో ఈ ఇద్దరిదీ చెరో దారి.

ఎలక్ట్రానిక్ సంగీతం కొత్తగా వినబోయేవారికి ఎవరితో మొదలుపెట్టమని చెప్పాలి? రెండూ గొప్పవే అనేసి చేతులు దులుపుకోవచ్చు గానీ అది జవాబు కాదు. బృందంగా చూస్తే క్రాఫ్ట్‌వెర్కే మేలని నా అభిప్రాయం. ఒంటరిగా కూర్చుని ముప్పావుగంట వినడానికి ఒక్క రికార్డు తీసుకోమంటే మాత్రం నా చెయ్యి టాంజరీన్ డ్రీమ్ వైపే వెళ్తుంది.

ముందు ‘ఫీడ్రా’ సంగతి చూద్దాం. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, మేనర్ అనే పల్లెటూరి భవంతి స్టూడియోలో 1973 చివర దాన్ని రికార్డు చేశారు. ఎడ్గర్ ఫ్రోజే, క్రిస్ ఫ్రాంకే, పీటర్ బౌమన్ వాయించారు. ఫ్రాంకే ముందున్న పెట్టె పేరు సీక్వెన్సర్. వరసగా కొన్ని వోల్టేజీలను నిర్ణయించి పెడితే, ఒక్కో వోల్టేజీకి ఒక్కో స్వరం చొప్పున ఆ వరసను అది తిప్పి తిప్పి పలికిస్తుంది. ఆ రోజుల్లో ఆ పరికరాలకు వేడి పడదు. స్విచ్చి వేసి కాసేపయితే, స్వరం పుట్టించే ఆసిలేటర్లు వేడెక్కి శ్రుతి తప్పేవి. శీర్షిక రచన పదిహేడు నిమిషాలు దాటి సాగుతుంది. చివరి భాగంలో వినిపించే కొన్ని మార్పులు ఎవరూ అనుకుని చేసినవి కావు, యంత్రం వేడెక్కడం వల్ల వచ్చినవి. వాళ్లు ఆ టేపును పారేయలేదు. మన సంగీత సభల్లో శ్రుతి జారితే ముందు వరసవాళ్లు మొహం చిట్లిస్తారు. ఇక్కడ ఆ జారుడే రచనకు ప్రాణం పోసింది. అంతవరకు గట్టిగా నిలబడ్డ మంద్రస్వరాల వరస కాళ్ల కింద నేల మెత్తబడినట్టు కదులుతుంది. ఆ తర్వాత అన్నీ సద్దుమణిగి, ఎక్కడో దూరాన పిల్లలు ఆడుకుంటున్న సందడి లీలగా వినిపిస్తుంది. రేడియోలో పెద్దగా వేయకపోయినా ఈ రికార్డు బ్రిటన్ పట్టికలో 15వ స్థానానికి ఎక్కింది.

‘ఆటోబాన్’ అంటే జర్మన్‌లో మహారహదారి. అక్కడ ఇలాంటి ప్రమాదాలకు తావు లేదు. కారు తలుపు మూసిన చప్పుడు, ఇంజను అందుకోవడం, హారను, ఆ వెంటనే వొకోడర్ అనే పరికరంలోంచి మనిషి గొంతూ యంత్రం గొంతూ కలిసిపోయిన ఒక్క మాట. అక్కడి నుంచి ఇరవై రెండు నిమిషాల పైచిలుకు ప్రయాణం. రాల్ఫ్ హ్యూటర్, ఫ్లోరియన్ ష్నైడర్ ఇద్దరూ ఈ రచనలో ప్రతి చప్పుడుకూ ఒక పని అప్పజెప్పారు. ఎదురుగా వచ్చి దాటిపోయే కార్ల రొద కూడా సింథసైజర్‌తో చేసిందే. మధ్యలో ష్నైడర్ వేణువు వస్తుంది. ఆయన మొదట వేణువు కళాకారుడే. తర్వాతి రికార్డుల్లో దాన్ని పూర్తిగా పక్కన పెట్టేశారు. కావలసినది ఉంచుకోవడం కంటే అక్కరలేనిది తీసేయడంలోనే ఈ బృందం ప్రతిభ ఎక్కువ కనిపిస్తుంది. ఇదే రచనను మూడున్నర నిమిషాలకు కుదించి విడుదల చేస్తే, అమెరికాలో 25వ స్థానం దాకా వెళ్లింది. ‘ఫీడ్రా’ను అలా కత్తిరిస్తే మిగిలేది ఒట్టి శబ్దమే.

కర్ణాటక సంగీతం అలవాటున్నవారికి ఈ తేడా చెప్పడం తేలిక. టాంజరీన్ డ్రీమ్‌ను చాలామంది ఆలాపనతో పోలుస్తారు, అది సరికాదు. ఆలాపనలో నడక ఉండదు, ఇక్కడ సీక్వెన్సర్ నడిపిస్తుంది. నిజంగా దగ్గరగా వచ్చేది తానం. లయ ఉంటుంది, తాళం వేసే పని ఉండదు, ఎక్కడ ముగించాలో వాయించేవాడి ఇష్టం. క్రాఫ్ట్‌వెర్క్‌ది అచ్చమైన కీర్తన కట్టుబడి. పల్లవి మళ్లీ వస్తుందని తెలుసు, వచ్చినప్పుడు సంతోషం కలుగుతుంది.

ఇక ప్రభావం లెక్కకు వస్తే క్రాఫ్ట్‌వెర్క్‌కు పోటీయే లేదు. 1977 నాటి ‘ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్’ రాగాన్నీ, 1981 నాటి ‘కంప్యూటర్ వరల్డ్’లో అంకెలు లెక్కపెట్టే పాట దరువునూ కలిపి, 1982లో న్యూయార్క్‌లో డీజే ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’ చేశాడు. హిప్‌హాప్ దారి అక్కడ మలుపు తిరిగింది. డెట్రాయిట్‌లో టెక్నో అనే డాన్సు సంగీతానికి పునాది వేసిన కుర్రాళ్లు క్రాఫ్ట్‌వెర్క్ రికార్డులు వింటూ పెరిగినవాళ్లే. కార్ల కర్మాగారాల ఊళ్లో నల్లజాతి యువకులకు ఈ జర్మన్ యంత్రసంగీతం తమ సొంతంలా ఎందుకు అనిపించిందన్నది విడిగా రాయవలసిన కథ. అదే 1982లో క్రాఫ్ట్‌వెర్క్ పాట ‘ది మోడల్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అప్పటికి ఆ పాట వచ్చి నాలుగేళ్లయింది! తక్కినవాళ్లు అంత ఆలస్యంగా వాళ్లను అందుకున్నారన్నమాట.

ఇంతమంది తీసుకున్నారు గదా, ఇచ్చిందెంత మనసుతో అని మాత్రం అడగకండి. తమ ‘మెటల్ ఆన్ మెటల్’ నుంచి రెండు సెకన్ల దరువు తీసుకున్నందుకు ఒక జర్మన్ ర్యాప్ నిర్మాతతో హ్యూటర్, ష్నైడర్ దశాబ్దాల పాటు కోర్టుల్లో పోరాడారు. ఆ వ్యాజ్యం యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం గడప కూడా తొక్కింది, 2019లో అక్కడ తీర్పు వచ్చింది. రెండు సెకన్ల కోసం ఇంత పట్టుదలా అని నవ్వొస్తుంది గానీ, ఆ రెండు సెకన్ల వెనుక ఉన్న శ్రద్ధ చూస్తే ఆ కోపం అర్థమవుతుంది కూడా.

టాంజరీన్ డ్రీమ్ ప్రభావం వేరే గుమ్మంలోంచి, సినిమా ద్వారా వచ్చింది. 1977లో విలియం ఫ్రీడ్‌కిన్ ‘సార్సరర్’కు వాళ్లు ఒక్క దృశ్యం కూడా చూడకుండా, స్క్రిప్టు చదివి సంగీతం చేసి పంపారు. తర్వాత ఆ సంగీతానికి తగ్గట్టు దర్శకుడు దృశ్యాలు కూర్చుకున్నాడు. 1981లో మైకేల్ మాన్ ‘థీఫ్’, 1983లో ‘రిస్కీ బిజినెస్’ వచ్చాయి. రాత్రి నగరం, తడిసిన రోడ్డు, దాని కింద ఆగకుండా కొట్టుకునే సింథసైజర్ నాడి అనగానే ఇప్పటికీ మనసులో మెదిలే ధ్వని వీళ్ల చలవే. 2016లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ అనే ధారావాహిక వచ్చినప్పుడు ఈ పాత రికార్డులను వెతుక్కున్న కొత్త తరం కూడా ఉంది. ఈ విషయంలో క్రాఫ్ట్‌వెర్క్ వీళ్ల దరిదాపుల్లోకి రాదు.

అయితే వీళ్ల బలహీనత కూడా ఇక్కడే మొదలైంది. సినిమాలకు చిన్న చిన్న ముక్కలు అందించడం అలవాటై, 1980ల నడిమికి రికార్డులు కూడా పొట్టి ముక్కలుగా, మెరుగు పెట్టిన నేపథ్య సంగీతంలా తయారయ్యాయి. బౌమన్ 1977లో, ఫ్రాంకే 1980ల చివర వెళ్లిపోయారు. ఫ్రోజే 2015లో వియన్నాలో మరణించే దాకా ఆపలేదు. ఆల్బమ్‌లు వంద దాటాయి. అంత పెద్ద కుప్పలోంచి ఏరుకోవడం కొత్తవారికి శిక్షే. క్రాఫ్ట్‌వెర్క్ దీనికి పూర్తిగా తలకిందులు. 1986 తర్వాత కొత్త పాటలతో వచ్చిన ఆల్బమ్ 2003 నాటి ‘టూర్ డి ఫ్రాన్స్’ ఒక్కటే. అందులోనూ శీర్షిక పాట 1983 నాటిదే. మొదటి మూడు ఆల్బమ్‌లను వాళ్లే తమ జాబితాలోంచి తీసేశారు. పిసినారితనం అనుకున్నా సరే, వినేవాడికి ఆ పిసినారితనం మేలే చేసింది. వాళ్ల రికార్డుల వరసలో ఎక్కడ చెయ్యి పెట్టినా మరీ తప్పు పోదు.

వేదిక మీద కూడా ఇదే తేడా. టాంజరీన్ డ్రీమ్ 1974 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని రాన్స్ కెథెడ్రల్‌లో వాయించినప్పుడు పట్టనంత జనం వచ్చి, చర్చి లోపల పాడయిందని పెద్ద గొడవయింది. 1980 జనవరిలో బెర్లిన్ గోడ అవతలికి వెళ్లి తూర్పు బెర్లిన్‌లోనూ కచేరీ చేశారు. ఆ కాలంలో వాళ్లు ఏ కచేరీకి ఆ కచేరీ అప్పటికప్పుడు అల్లేవారు. చీకట్లో ముగ్గురు మనుషులు, వెనక తీగల గోడలు, అంతే. క్రాఫ్ట్‌వెర్క్ అయితే నలుగురు నాలుగు బల్లల ముందు కదలకుండా నిలబడతారు. ఒక పాటకు వాళ్ల బదులు మరబొమ్మలే వచ్చి నిలబడతాయి. 1981లో ‘పాకెట్ కాలిక్యులేటర్’ పాటకు చేతిలో ఇమిడే కాలిక్యులేటర్ లాంటి పరికరాలతో వేదిక అంచుకు వచ్చి, ముందున్న ప్రేక్షకులతో మీటలు నొక్కించేవారు. బిగుసుకుపోయినట్టు కనిపించే ఈ మనుషుల్లో ఎంత హాస్యముందో తెలియాలంటే ఆ పాట వినాలి.

కనుక వినే వరస ఇలా పెట్టుకోవచ్చు. మొదట ‘ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్’, తర్వాత ‘కంప్యూటర్ వరల్డ్’. పాట ఆకారం ఉన్నది కావాలనుకునేవారికి ఈ రెండూ చాలు. డాన్సు సంగీతం ఇష్టపడే కుర్రవాళ్లకు రెండోది ముందు ఇవ్వండి. ఓపిక ఉన్నవారికి టాంజరీన్ డ్రీమ్ 1975 నాటి ‘రూబికాన్’. రెండు పక్కలు, రెండు భాగాలు, మాటలు లేవు. సీక్వెన్సర్ నడక ‘ఫీడ్రా’లో కంటే బలంగా ఉంటుంది, శబ్దాల మధ్య చోటు కూడా ఎక్కువ. క్రాఫ్ట్‌వెర్క్ ఎంత చక్కని పాటలు కట్టినా ఇలాంటి రికార్డు చేయలేదు. దాన్ని ఫోను స్పీకరులో వినవద్దు. మంద్రస్వరాలు పోతే సగం రచన పోయినట్టే, మంచి హెడ్‌ఫోన్లు తప్పనిసరి. అది నచ్చితే ‘ఫీడ్రా’, ‘రికొషే’, ‘సార్సరర్’. టాంజరీన్ డ్రీమ్ 1980ల నడిమి తర్వాతి రికార్డుల జోలికి మొదట్లోనే వెళ్లకండి.

యూరప్‌లోనో అమెరికాలోనో ఉంటున్న మనవాళ్లకు టికెట్టు కొనే అవకాశం కూడా ఉంది. హ్యూటర్ ఎనభైకి చేరువైన వయసులోనూ క్రాఫ్ట్‌వెర్క్‌ను నడిపిస్తూ వచ్చారు. టాంజరీన్ డ్రీమ్‌ను ఫ్రోజే తర్వాత తోర్‌స్టన్ క్వెష్నింగ్ ముందుకు తీసుకుపోతున్నారు. క్రాఫ్ట్‌వెర్క్ ప్రదర్శన కళ్లకు పండగే గానీ, ఒకసారి చూస్తే రెండోసారి ఏం రాబోతోందో దాదాపు తెలిసిపోతుంది. టాంజరీన్ డ్రీమ్ ఇప్పటికీ కచేరీ చివర ఒక భాగాన్ని అక్కడికక్కడే అల్లి వాయిస్తుంది, ‘సెషన్స్’ పేరుతో వాటిని విడుదల కూడా చేస్తోంది. మొదటి టికెట్టు క్రాఫ్ట్‌వెర్క్‌కు కొనండి, రెండోది టాంజరీన్ డ్రీమ్‌కు.