పిల్లికొకటి, పాపకొకటి: నల్గొండలో కొన్న పజిల్ పళ్లెంపై సమీక్ష

పెంపుడు పిల్లి తెలివి రెండేళ్ల బిడ్డ తెలివితో సమానమని అట్టపెట్టె మీద అచ్చువేసిన ఒక ప్లాస్టిక్ పజిల్ పళ్లెం నల్గొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గరి దుకాణంలో 650 రూపాయలకు దొరికింది. మా ఇంట్లో మల్లి అనే పిల్లి, రెండేళ్లు నిండబోతున్న పాప ఇద్దరూ ఉన్నారు కనుక, ఆ మాటలో నిజమెంతో చూడాలని రెండు పళ్లేలు కొని, అడుగున వేర్వేరు రంగుల గుర్తులు పెట్టి చెరొకటి ఇచ్చాను. పిల్లి నాకినది బిడ్డ నోటికి చేరకూడదు కాబట్టి, ఒక్కటే కొని కడిగి ఇద్దరికీ వాడుదామని ఎవరూ అనుకోవద్దు.

పళ్లెం గుండ్రంగా ఉంటుంది. అంచు చుట్టూ ఉన్న గుంటలకు పక్కకు జరిపే మూతలు, మధ్యలోని గుంటలకు పైకెత్తే మూతలు ఉన్నాయి. మల్లికి పానగల్ నుంచి తెచ్చిన చేపను ఉడికించి ముళ్లు తీసి పెట్టాను, పాపకు మరమరాలు పోశాను. మల్లి వాసన చూసుకుంటూ పళ్లెం చుట్టూ ఒకసారి తిరిగి, చేప ఉన్న గుంట దగ్గరే ఆగి, ముందుకాలును లోపలికి వంచి గోటి కొనను మూత అంచుకు తగిలించి లాగింది. మూత సగం జరగగానే ముక్క అందింది, ఇక మిగతా సగంతో దానికి పని లేకపోయింది. ఖాళీ గుంటల జోలికి అది అసలు పోలేదు. పాప మాత్రం మరమరాలను బయటికి తీసి, తినకుండా మళ్లీ గుంటలో పోసి, మూత మూసి, నా ముఖంలోకి చూస్తూ "అమ్మా, ఏడుంది?" అని అడిగి నా చేత తీయించింది. పిల్లికి మూత తిండికి అడ్డు, బిడ్డకు మూతే ఆట. ఈ పళ్లెం విలువంతా ఈ తేడాను కళ్లకు కట్టడంలోనే ఉందని నా అభిప్రాయం.

పక్కన గిన్నెలో కూడా చేప పెడితే మల్లి నేరుగా గిన్నె దగ్గరికే వెళ్లింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో 17 పిల్లులతో చేసి 2021లో ప్రకటించిన అధ్యయనంలోనూ పిల్లులు పజిల్ కంటే శ్రమలేని పళ్లేన్నే ఎక్కువగా ఎంచుకున్నాయి. కాబట్టి పళ్లెం కొన్నవారు తిండిలో కొంత భాగాన్ని అందులోనే పెట్టాలి, పక్కన తెరిచిన గిన్నె ఉంచకూడదు.

పెట్టె మీది మాటను పరీక్షించడానికి ఇంకో పని చేశాను. ముక్కను చిన్న కప్పులో వేసి, కప్పును మూత వెనక్కి తీసుకుపోయి, కనబడకుండా అక్కడ వదిలి, ఖాళీ కప్పును బయటికి తెచ్చాను. మల్లి కప్పునే వాసన చూస్తూ ఉండిపోయింది, పాప కప్పులోకి తొంగిచూసి వెంటనే మూత దగ్గరికి వెళ్లింది. కళ్లముందు దాచినదాన్ని పిల్లి చక్కగా వెతకగలదు, చూడనిచోట జరిగిన కదలికను ఊహించడం దానికి కష్టం. పిల్లలకు ఆ ఊహ 18 నుంచి 24 నెలల మధ్య కుదురుతుందని పిల్లల మనోవికాసాన్ని పరిశీలించిన స్విస్ మనస్తత్వవేత్త పియాజే చెప్పారు. అయితే మాటల విషయంలో పిల్లిని తీసిపారేయలేము. పిల్లులు తమ పేరును గుర్తుపడతాయని 2019లో, మాటను చిత్రంతో త్వరగా జతచేసుకుంటాయని 2024లో జపాన్ పరిశోధకులు చూపించారు. రెండోదానిలో మాటనూ చిత్రాన్నీ కలిపి పిల్లులకు చూపాల్సివచ్చిన సార్లు, అలాంటి ప్రయోగంలోనే 14 నెలల పసిపిల్లలకు అవసరమైన వాటికంటే తక్కువ. ఇద్దరినీ ఒకే వయసు కొలతతో కొలవడం పిల్లికీ న్యాయం కాదు, బిడ్డకూ కాదు.

ఇక లోపాల సంగతి. చేప జిడ్డు చేరిన కొద్దీ జరిపే మూతలు బిగుసుకుపోతున్నాయి. అలా బిగిసినప్పుడు మల్లి తనంతట తానే కాసేపు గీకి వదిలేసి పోతుంది, పాప పళ్లేన్నే మోసుకొచ్చి నా ఒళ్లో పెడుతుంది. సాయం అడగనంత మాత్రాన పిల్లికి మన మీద ప్రేమ లేదనుకోకూడదు. ఆరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2019లో ప్రకటించిన అధ్యయనంలో నూటికి సుమారు 64 పిల్లికూనలు తమను సాకేవారితో భద్రమైన అనుబంధం చూపాయి, పసిపిల్లలలోనూ ఈ నిష్పత్తి దాదాపు ఇంతే.

అంతకంటే పెద్ద లోపం, పైకెత్తే మూతల మీది గుబ్బలు చిన్నవి, పాప పళ్లెంలో ఒకటి ఊడివచ్చింది. అది గొంతుకు అడ్డం పడే పరిమాణంలో ఉంది కాబట్టి, పాప పళ్లేన్ని తీసి పైన పెట్టేశాను. ఇంట్లోనే ఉండే పిల్లికి, ముఖ్యంగా బయట తిరగలేని మన ఎండాకాలంలో, ఈ 650 రూపాయలు దండగ కావు. కొనేముందు దుకాణంలోనే ప్రతి మూతనూ జరిపి చూడండి, గుబ్బలను గట్టిగా లాగి చూడండి, విడి మూతలు దొరుకుతాయో లేదో అడగండి. నేను కొన్నచోట దొరకలేదు. చిన్నపిల్లలకు మాత్రం ఇది ఇవ్వవద్దు.