సెకండ్ హ్యాండ్ బండి ముందు చక్రం వంకర: నడిపి చూస్తే చాలా, దారం పట్టాలా?

"గది రోడ్డు వాలు అన్నా, బండి మంచిగనే ఉన్నది." బండి నడిపి చూసి, ఎడమకు గుంజుతోందని అంటే అమ్మే మనిషి చెప్పే మాట ఇదే. ఒక్కోసారి అది నిజం కూడా. వాన నీళ్లు పక్కకు పోవాలని రోడ్డును అంచు వైపు వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి, నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా నడిపితే మంచి బండి కూడా కాస్త ఎడమకు ఒరగవచ్చు. అదే దారిలో కుడికి గుంజిందంటే మాత్రం తప్పు రోడ్డు మీదికి నెట్టలేరు.

అందుకే నడిపి చూసేది రోడ్డు మీద కాదు, ఖాళీ మైదానంలో. 30 స్పీడులో, హ్యాండిల్ మీద చేతులు తేలిగ్గా ఆనించి ఒక గీత పట్టుకుని పొండి. మళ్లీ అదే గీత మీద వెనక్కి రండి. నేల వాలు వల్ల గుంజితే పోయేటప్పుడు ఒక పక్కకు, వచ్చేటప్పుడు రెండో పక్కకు గుంజుతుంది. రెండుసార్లూ ఒకే పక్కకు పోయిందంటే తేడా బండిదే. హైవే మీద చేతులు వదిలి చూడమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మీకు అలవాటు లేని బండి, తెలియని బ్రేకులు, పక్కన లారీలు. ప్రాణం మీదికి తెచ్చుకునే పరీక్ష అది.

అయితే నడిపి చూస్తే తేడా ఉందని తెలుస్తుంది కానీ ఎక్కడుందో తెలియదు. టైరు ఒక పక్కే అరిగినా, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్) గట్టిగా బిగించినా, వెనక చక్రం వంకరగా ఎక్కించినా, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు రాడ్లు) మెలి తిరిగినా, చాసిస్ వంగినా చేతికి దాదాపు ఒకేలా అనిపిస్తుంది. వీటిలో కొన్ని ఖర్చు లేకుండా పోయేవి. చాసిస్ వంగితే మాత్రం బండి కొనకూడదు. అక్కడే దారం పనికొస్తుంది: చక్రాల రెండు పక్కలా దారం లాగి, రెండు చక్రాలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడటం.

దారం పట్టే ముందు వెనక చక్రం చూడండి. ముందు చక్రం వంకర అనుకున్న బండ్లలో అసలు తప్పు వెనక ఉండటం మామూలే. చైన్ బిగించినప్పుడు రెండు పక్కలా సమానంగా జరపకపోతే చక్రం అడ్డంగా కూర్చుంటుంది. చైన్ బిగించే అడ్జస్టర్ దగ్గరి గీతలను పూర్తిగా నమ్మలేం. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) చాసిస్‌కు తగులుకునే బోల్టు నుంచి వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) దాకా రెండు పక్కలా టేపుతో కొలిస్తే నిజం తెలుస్తుంది.

ఇక దారం. బండిని మెయిన్ స్టాండ్ మీద పెట్టాలి. అది లేని బండి అయితే ఒకరు నిటారుగా పట్టుకోవాలి. మేస్త్రీలు వాడే నైలాన్ దారాన్ని వెనక టైరు వెనక నుంచి చుట్టి, రెండు కొసలనూ రెండు పక్కల నుంచి ముందు చక్రం దాటించి రెండు స్టూళ్లకు కట్టండి. స్టాండుకు, సైలెన్సర్‌కు తగలని ఎత్తులో ఉండాలి. ఇప్పుడు స్టూళ్లను మెల్లగా లోపలికి జరుపుతూ, దారం వెనక టైరు ముందు అంచును అప్పుడే తాకేలా చేయాలి. ఆ రెండు దారాలు వెనక చక్రం ఎటు చూస్తోందో చెబుతాయి. ముందు చక్రాన్ని వాటికి సమాంతరంగా తిప్పి, దారానికీ టైరుకూ మధ్య ఎడమ సందు ఎంత, కుడి సందు ఎంత అని స్కేలు పెట్టి కొలవండి. పల్సర్ 150 లాంటి బండికి ముందు టైరు 80, వెనక టైరు 100 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, ఒక్కో పక్క సుమారు 10 మిల్లీమీటర్లు రావాలి. స్ప్లెండర్‌కు రెండూ 80 అయితే దారం ముందు టైరుకు తగిలిపోతుంది. అప్పుడు వెనక టైరుకు నాలుగు చోట్ల ఒకే మందం చెక్క ముక్కలు అడ్డం పెట్టి దారం పోనివ్వాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాకు టెన్షన్ పడొద్దు, దారం కొలతలోనే అంత తప్పు దొర్లుతుంది.

దారం బదులు పాత ట్యూబ్‌లైటో అల్యూమినియం పైపో ఆనించి చూసేవాళ్లున్నారు. గాలికి ఊగదు, ఒక్కరే చేసుకోవచ్చు. కానీ రెండు చక్రాలకూ అందేంత పొడవు, వంకర లేని పైపు దొరకాలి. నేను దారాన్నే నమ్ముతాను.

సందులు రెండు పక్కలా సమానంగా వచ్చి, చక్రం నిటారుగా ఉన్నప్పుడు హ్యాండిల్ మాత్రం ఒక పక్కకు తిరిగి ఉంటే సంతోషించండి. హ్యాండిల్ ఒక్కటే వంగి ఉండొచ్చు, లేదా బండి ఎప్పుడో పడి ఫోర్క్ 'టీ'లో (రెండు రాడ్లనూ పైనా కిందా కలిపి పట్టి ఉంచే ముక్కల్లో) మెలి తిరిగి ఉండొచ్చు. ఏదో తేల్చడానికి చిన్న మందపాటి అద్దం ముక్కను కింది టీ దిగువన ఫోర్క్ రాడ్లు రెండింటికీ అడ్డంగా ఆనించండి. కదలకుండా కూర్చుంటే రాడ్లు సమాంతరం, మెలి లేదు. ఊగితే మెలి. యాక్సిల్, టీ బోల్టులు, మడ్‌గార్డ్ బోల్టులు వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి, మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. మెకానిక్‌కు పెద్ద పని కాదు. అప్పటికీ అద్దం ఊగితే రాడ్ వంగినట్టే. లేత్ షాపులో సరిచేయించడం చవక, కొత్త రాడ్ ఖర్చు. నేనైతే కొత్తదే వేయమంటాను. వంగిన చోట క్రోమ్ పగిలితే ఆయిల్ సీల్ నిలవదు, ఇనుము కూడా బలహీనపడుతుంది.

మరి మెకానిక్‌కే వదిలేస్తే? కోన్ సెట్ విషయంలో అతని చేయి మీ దారం కంటే మేలు. ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే నడుమ గుంత పడినట్టు ఆగుతోందా, ఫోర్క్ ముందుకీ వెనక్కీ ఊగుతోందా అన్నది అనుభవం ఉన్నవాళ్లు క్షణంలో చెబుతారు. కానీ అమ్మే మనిషి తెచ్చిన మెకానిక్ మాట మీద బండి తీసుకోవద్దు. మీకు తెలిసినవాళ్లను తీసుకుపోండి, దారం కూడా పట్టుకుపోండి.

వెనక చక్రం సరిగ్గా ఉండి, రాడ్లు బాగుండి, దారం సందులు మాత్రం 15, 5 అని వచ్చాయనుకోండి. అప్పుడు టార్చి వేసి హ్యాండిల్ స్టాపర్ (హ్యాండిల్ మరీ తిరగకుండా ఆపే ముక్క) చూడాలి. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పితే ట్యాంకుకు ఉండే సందు రెండు పక్కలా ఒకటేనా? స్టాపర్ నొక్కుకుపోయిందా? హెడ్ పైపు (చాసిస్ ముందు కొసన, కోన్ సెట్ కూర్చునే గొట్టం) కింద పెయింటు ముడతలు పడిందా, అక్కడ ఒక్కచోటే కొత్త పెయింటో కొత్త వెల్డింగో ఉందా? ఉంటే ఆ బండి ముందు నుంచి గట్టిగా గుద్దుకుందన్నమాట. చాసిస్ లాగి సరిచేయిస్తామంటారు, ధర ఐదువేలు తగ్గిస్తామంటారు. వరికోతల కాలంలో మన ఊళ్ల రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. చీకట్లో చివరి క్షణంలో బండి పక్కకు కొట్టాల్సి వస్తుంది. ఎడమకు ఒకలా, కుడికి ఒకలా తిరిగే బండి అప్పుడు మాట వినదు. ఎంత తగ్గించినా తీసుకోకండి.